తాళం తీస్తే వేగం వస్తుందా?

కంప్యూటరు మందగించిందని ఎవరితోనైనా మొరపెట్టుకుంటే మా మేడ్చల్ ప్రాంతంలో వినవచ్చే సలహాలు సాధారణంగా మూడు. ‘ఫార్మాట్ కొట్టించండి’ అన్నది మొదటిది. ‘ర్యామ్ పెంచండి’ అన్నది రెండవది. మూడవది ఈ కొన్నేళ్ళలో కొత్తగా చేరింది: ‘ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నారా? ముందది తీసెయ్యండి, ఫైళ్ళు వాటంతటవే చకచకా దిగుతాయి.’ మొదటి రెండు సలహాలతో నాకు పెద్దగా పేచీ లేదు. వాటివల్ల పోయేది కొంత డబ్బూ, కొంత ఓపికా. మూడవది అటువంటిది కాదు. ఇంట్లో ఉక్కగా ఉన్నదన్నవాడికి తలుపులు పీకించెయ్యమని చెప్పడం వంటిది. గాలి రావచ్చు, రాకపోవచ్చు. తలుపు లేకపోవడం మాత్రం ఖాయం.

ఈ సలహా మీద నావి రెండు అభ్యంతరాలు. చాలా సందర్భాల్లో అది నిజం కాదన్నది ఒకటి. నిజమైన సందర్భాల్లో కూడా దాన్ని పాటించే హక్కు మనకు అన్నివేళలా ఉండదన్నది రెండవది. మొదటిది లెక్కకు సంబంధించినది, రెండవది ధర్మానికి సంబంధించినది. వరుసగా చెబుతాను.

ముందుగా మాట గురించి ఒక మాట. ఎన్‌క్రిప్షన్‌ను గుప్తీకరణ అంటున్నాను. మరీ బరువనిపించినచోట తాళం అంటాను. డిస్కు మీద రాసే ప్రతి అక్షరాన్నీ, ప్రతి చుక్కనూ చెదరగొట్టి రాయడం, సంకేతపదం తెలిసినవాడు అడిగినప్పుడు మాత్రమే మళ్ళీ కూర్చి చూపడం దీని పని. అంటే ఇది గదికి వేసిన తాళం కూడా కాదు. గదిలోని కాగితాలన్నిటినీ యజమానికి తప్ప మరొకరికి తెలియని లిపిలో రాసి ఉంచడం. గది తలుపు పగలగొట్టినవాడికి కాగితాలు దొరుకుతాయి, చదువు దొరకదు. నేటి డిస్కులలో అత్యధికం వాడే లిపి ఏఈఎస్. బెల్జియం దేశస్థులు జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించగా, 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ దానిని ప్రమాణంగా ప్రకటించింది. విండోస్‌లోని బిట్‌లాకర్, లినక్సులోని లక్స్, ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ అన్నీ ప్రధానంగా దీనినే వాడుతాయి.

ఇంత గొడవ మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నిజానికి ఈ గొడవ మనకే ఎక్కువ ఉండాలి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ధరణి పోర్టలును ప్రారంభించింది ఎక్కడో రాజధాని నడిబొడ్డున కాదు, శామీర్‌పేటకు చేరువలోని మూడుచింతలపల్లిలో. ఆ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పేరు ఏదైనా, ఏ ప్రభుత్వానిదైనా, ఒక్కటి మాత్రం మారలేదు: నిన్నటిదాకా ఇనప్పెట్టెలో, బియ్యం డబ్బా అడుగున, అత్తగారి ట్రంకుపెట్టెలో ఉండిన భూమి కాగితం ఇవాళ ఒక పీడీఎఫ్ ఫైలు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక గజాల లెక్కన అమ్ముడయ్యే నేల మనది. ఆ నేల తాలూకు ఫైలు ఎవరి కంప్యూటరులో ఏ స్థితిలో ఉన్నదన్న ప్రశ్న సాంకేతిక నిపుణుల కులాసా చర్చ కాదు.

ఆ ఫైలుతో ఏమి చేయవచ్చునో 2018లోనే తెలిసివచ్చింది. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజుల నకళ్ళు దించుకొని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు అచ్చులుగా మార్చి, ఆధార్ ధ్రువీకరణను మోసగించి వేల సంఖ్యలో సిమ్‌లను చేతనం చేశాడన్నది ఆ ఏడాది జూన్‌లో బయటపడిన అభియోగం. గమనించండి, ఇందులో ఎవరి ఇంటి తాళమూ పగలలేదు. ఎవరి డబ్బాపెట్టే పోలేదు. ఒక దించుకోలు, ఒక డిస్కు, ఒక వేలిముద్ర బొమ్మ, అంతే. సంకేతపదమైతే పోయినా మార్చుకుంటాము. బొటనవేలిని మార్చుకోలేము గదా!

ఇక లెక్కకు వస్తాను.

తాళం వల్ల దించుకోలు నెమ్మదిస్తుందన్న మాటను పరీక్షించడానికి గుణకారం, భాగహారం చాలును. మన ఊళ్ళలో ఇళ్ళకు వచ్చే ఫైబరు కనెక్షను 100 మెగాబిట్లదనుకుందాము. బిట్లను బైట్లలోకి మార్చితే సెకనుకు 12.5 మెగాబైట్లు. గుప్తీకరణకు ప్రత్యేక సదుపాయం ఏదీ లేని పదిహేనేళ్ళ నాటి మామూలు ప్రాసెసరు కూడా ఏఈఎస్ లిపిలో సెకనుకు 100 మెగాబైట్ల పైచిలుకు రాయగలదు. అంటే నెట్టు తెచ్చిపోసేదానికి ఎనిమిది రెట్లు తాళం మింగగలదు. 300 మెగాబైట్ల ఫైలు దిగడానికి 24 సెకన్లు పడితే, దాన్ని గుప్తీకరించడానికి పట్టేది మూడు సెకన్లు. అదీ దిగడం ముగిశాక విడిగా కాదు, దిగుతుండగానే, పక్కనే.

మనకు తెలిసిన పోలిక చెబుతాను. ఔటర్ మీద మేడ్చల్ దగ్గరా శామీర్‌పేట దగ్గరా దిగే దారులున్నాయి, వాటికి టోలు గేట్లున్నాయి. గేటు దాటాక కిందనున్న రోడ్డు మీద లారీలు నిలిచిపోతే, ఆ వరుస పెరిగి పెరిగి గేటు దాకా వస్తుంది. వెనుక నిలబడ్డవాడికి కనిపించేది గేటే. కనుక తిట్లు తినేది గేటే. గుప్తీకరణ అటువంటి గేటు. ఇరుకు మరెక్కడో ఉంటుంది.

ఎక్కడెక్కడ ఉంటుందో చూద్దాము. యంత్రం పాతదై, బయటి డిస్కును యూఎస్‌బీ 2.0 రంధ్రంలో గుచ్చితే, కాగితం మీద దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఆచరణలో 30, 40 మెగాబైట్లకు మించదు. డిస్కు తిరిగే పళ్ళెపు రకమైతే, ఒకే పెద్ద ఫైలును ఏకధాటిగా రాసేటప్పుడు బాగానే పరుగెడుతుంది; వందలకొద్దీ చిన్న ముక్కలను అక్కడొకటి ఇక్కడొకటి రాయవలసి వచ్చినప్పుడు దాని సూది అటూ ఇటూ వెతుక్కుంటూ, సెకనుకు ఒక మెగాబైటు చొప్పున కూడా రాయలేక ఆయాసపడుతుంది. టోరెంటు సరిగ్గా ఇలాగే ముక్కలు ముక్కలుగా రాస్తుంది. ఇది చాలదన్నట్టు, దిగిన ప్రతి ఫైలునూ వైరస్ నిరోధకం తెరిచి చూస్తుంది. ర్యామ్ 4 గిగాబైట్లే ఉండి, విహరిణిలో ఇరవై పుటలు తెరిచి ఉంటే, చోటు చాలక యంత్రం అదే డిస్కును రఫ్ కాగితంగా కూడా వాడుకుంటుంది. ఇన్ని పనులు ఒక డిస్కు నెత్తిన పడినప్పుడు నేరం తాళం మీదకు పోతున్నది.

పాత తెలుగు పుస్తకాల వేటలో తిరిగినవారికి ఈ చిన్న ముక్కల బాధ అనుభవమే. రాజ్ రెడ్డిగారి పూనికతో మొదలైన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రంగా రూపుదిద్దుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో, ఒక్కొక్క పుట ఒక్కొక్క బొమ్మ ఫైలుగా ఉండేది. 300 పుటల నవల అంటే 300 ఫైళ్ళు. తాళం లేని డిస్కు మీద కూడా అవి ఆపసోపాలు పడుతూనే దిగేవి. ఆ పుస్తకాలే ఇవాళ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఒక్కొక్క పీడీఎఫ్‌గా దొరుకుతుంటే హాయిగా దిగుతున్నాయి. తాళాలు మారలేదు, మూటకట్టే పద్ధతి మారింది.

అయితే అన్ని యంత్రాల్లోనూ తాళం తేలికేనా? కాదు. ఇక్కడ నిజాయితీగా చెప్పవలసినవి మూడున్నాయి.

మొదటిది ప్రాసెసరు. ఇంటెల్ కంపెనీ 2010 నుండి కొన్ని ప్రాసెసర్లలో ఏఈఎస్ పనిని ఒక్క అంగలో ముగించే ప్రత్యేక ఆదేశాలను పెట్టింది. మళ్ళీ టోలు పోలికే: ఇది ఫాస్టాగ్ వంటిది. సుంకం మాఫీ కాలేదు, చిల్లర కోసం నిలబడడం పోయింది. ఆ సదుపాయమున్న ప్రాసెసరు సెకనుకు గిగాబైట్ల లెక్కన గుప్తీకరించగలదు. కాని తొలి తరాల ఐ3లలో చాలావాటికీ, అప్పటి పెంటియం, సెలెరాన్‌లకూ కంపెనీ దాన్ని ఇవ్వలేదు. ఖరీదైనదానికి ఫాస్టాగ్, చవకదానికి చిల్లర వరుస. మేడ్చల్ జిరాక్సు దుకాణాల్లో ఇంకా తిరుగుతున్నవి సరిగ్గా ఆ చవక యంత్రాలే.

రెండవది డిస్కు. నేటి అతివేగపు ఎస్‌ఎస్‌డీల మీద తాళం బరువు కనిపిస్తుంది. విండోస్ 11లోని సాఫ్ట్‌వేరు బిట్‌లాకరు వల్ల కొన్ని రకాల పనుల్లో వేగం 45 శాతం దాకా పడిపోగలదని టామ్స్ హార్డ్‌వేర్ పత్రిక 2023 అక్టోబరులో పరీక్షించి చూపింది. కాదనను. కాని అది సెకనుకు వేల మెగాబైట్లు పరుగెత్తే డిస్కు సంగతి. 12.5 మెగాబైట్ల చొప్పున దిగే ఫైలుకు ఆ లోటు సోకదు. ఏనుగు సగం చిక్కినా గుర్రం కంటె బరువే.

మూడవది తాళం వేసిన తీరు. వెరాక్రిప్ట్‌లో ఏఈఎస్ ఒక్కటే కాక, ఏఈఎస్–టూఫిష్–సర్పెంట్ అని మూడు తాళాలు ఒకదానిపై ఒకటి వేసుకొనే వీలున్నది. పేరు గంభీరంగా ఉన్నదని ఎన్నుకొని, తరువాత నెమ్మది అని వాపోయేవారున్నారు. ఒక్క ఏఈఎస్ మనబోటి వారికి చాలును. అదే వెరాక్రిప్ట్‌లో పనిముట్ల వరుసలో ‘బెంచ్‌మార్క్’ అనే మీట ఉన్నది. ఏ తాళం మీ యంత్రంలో సెకనుకు ఎన్ని మెగాబైట్లు నడుస్తుందో అది చెబుతుంది. ఆ అంకెను మీ నెట్టు వేగంతో పోల్చి చూసుకొన్న తరువాతే తాళాన్ని తిట్టండి.

ఇంకొక ఆలస్యం ఉన్నది. అది మందం కాదు, మర్మం. తాళమున్న డిస్కును తెరిచేటప్పుడు సంకేతపదం కొట్టాక కొన్ని సెకన్లు కదలిక ఉండదు. వెరాక్రిప్ట్ మామూలుగా ఆ సంకేతపదాన్ని 5,00,000 సార్లు రుబ్బి గాని తాళంచెవిని బయటకు తీయదు. ఇది కావాలని పెట్టిన ఆలస్యం. మీరు రోజుకు ఒకసారి రెండు మూడు సెకన్లు ఓర్చుకుంటారు. మీ సంకేతపదాన్ని ఊహించి ఊహించి కోట్లసార్లు ప్రయత్నించే దొంగకు ఆ సెకన్లే ఏళ్ళవుతాయి. ఈ నెమ్మదికి మనం రుణపడి ఉండాలి.

వేగం కోసం తాళాన్ని పలచన చేస్తే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాము. డిస్కు తయారీదారులే తాళాన్ని డిస్కు లోపల చిప్పులో పెట్టి ఇస్తే కంప్యూటరుకు శ్రమ ఉండదని అనుకున్నారు. విండోస్ కూడా అటువంటి డిస్కు కనిపిస్తే తన తాళం పక్కనపెట్టి దాని తాళాన్నే నమ్మేది. 2018లో నెదర్లాండ్సులోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పేరున్న కంపెనీల ఎస్‌ఎస్‌డీలను విప్పి చూస్తే, కొన్నింటిలో సంకేతపదం తెలియకుండానే లోపలికి పోవచ్చునని తేలింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ నమ్మకాన్ని మానుకొని, మళ్ళీ తన సాఫ్ట్‌వేరు తాళానికే తిరిగివచ్చింది. ఆ తాళం శ్రమలేనిదే. అసలు సంగతి ఏమిటంటే అది సరిగ్గా పడనే లేదు.

ఇందుకు ఎదురుగా ఒక మంచి ఉదాహరణ. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ ఇంజనీర్లు 2020లో తమ లినక్సు యంత్రాల్లో గుప్తీకరించిన డిస్కులు అనుకున్నంత వేగంగా నడవడం లేదని గమనించారు. వారు తాళం తీసెయ్యలేదు. ఎక్కడ ఆగుతున్నదో వెతికారు. లోపం లిపిలో లేదు. రాతకు ముందూ వెనుకా ఏనాడో పెట్టిన వరుసల్లో ఉన్నది. పని ఈ వరుసలోంచి ఆ వరుసలోకి చేతులు మారడంలోనే కాలం హరించుకుపోతున్నది. ఆ వరుసలను దాటవేసే ఏర్పాటు రాసి అందరికీ ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన లినక్సు 5.9లో అది చేరింది. వేగమూ దక్కింది, తాళమూ దక్కింది. సలహా అంటే ఇది.

ఇక ధర్మం సంగతి.

మన కంప్యూటర్లలో ఉండే ఫైళ్ళు మూడు తెగలు. బహిరంగమైనవి, సొంతమైనవి, పరులవి. ఆర్కైవులో దొరికే పాత పుస్తకాలు, సినిమా పాటలు, లినక్సు డిస్కు ప్రతులు బహిరంగం. ప్రపంచమంతా దించుకోగలిగినదానికి మన ఇంట్లో తాళం ఎందుకు? వాటిని నిర్భయంగా తాళంలేని చోట పెట్టుకోవచ్చు. సగం బరువు ఇక్కడే దిగిపోతుంది. రెండవ తెగ సొంత ఫొటోలు, ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు. వీటికి తాళం వేసుకోవడమా మానడమా అన్నది ఎవరి ఇష్టం వారిది. వేసుకోమని నా సలహా.

మూడవ తెగ దగ్గరే నా పట్టుదల. జిరాక్సు దుకాణానికి ఒక రైతు పాసుపుస్తకం పట్టుకొని వస్తాడు. ఒక విద్యార్థిని సర్టిఫికెట్లూ ఆధారూ వాట్సాప్‌లో పంపి అచ్చు తీయమంటుంది. ఆ ఫైళ్ళు దుకాణం కంప్యూటరులో ‘డౌన్‌లోడ్స్’ సంచిలో పడి, నెలల తరబడి అక్కడే ఉంటాయి. స్థిరాస్తి ఏజెంటు దగ్గర అమ్మేవారివీ కొనేవారివీ రెండు పక్షాల కాగితాలుంటాయి. పన్నుల లెక్కలు రాసేవారి దగ్గర యాభై కుటుంబాల ఆదాయాలుంటాయి. చిన్న ఆసుపత్రిలో రోగుల నివేదికలుంటాయి. ఈ కంప్యూటరు ఒకనాడు పాడవుతుంది. మరమ్మతుకో, పాత సామాన్లకో, మరొకరి చేతికో పోతుంది. డిస్కుకు తాళం లేకపోతే ఊరివారి వేలిముద్రలూ సంతకాలూ దానితో పాటే పోతాయి. అప్పుడు ఆ యజమాని ‘నెమ్మదిగా ఉన్నదని తాళం తీసేశానండీ’ అంటే ఆ రైతు ఏమనాలి? తన వేగం కోసం తన తాళం తీసుకునే హక్కు మనిషికి ఉంటే ఉండవచ్చు. తన వేగం కోసం పరుల తాళం తీసే హక్కు లేదు.

ఇక్కడే ఒక లౌక్యపు ఉపాయం గురించి హెచ్చరించాలి. ‘ముందు మామూలు డిస్కులోకి దించుకోండి, తరువాత తాళమున్నదానిలోకి మార్చి, ఇక్కడిది చెరిపెయ్యండి’ అంటారు. వినడానికి బాగుంది. కాని చెరపడమంటే ఫైలు పోవడం కాదు, దాని పేరు విషయసూచికలోంచి పోవడం. మరొకటి వచ్చి దానిమీద రాసేదాకా అక్షరాలు అక్కడే ఉండవచ్చు. వెలికితీసే ఉచిత పరికరాలు ఎన్నైనా ఉన్నాయి. పైగా ఒకసారి రాయవలసినదాన్ని రెండుసార్లు రాశారు గనుక డిస్కుకు శ్రమ రెట్టింపు. బహిరంగ ఫైలుకు ఈ ఉపాయం అనవసరం, రహస్యపు ఫైలుకు ప్రమాదకరం. తాళంలోకి పోవలసిన దాన్ని నేరుగా తాళంలోకే దించుకోవాలి.

‘దాచడానికి మా దగ్గర ఏమున్నది?’ అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. భూమి ఉన్నది, వేలు ఉన్నది, పేరు ఉన్నది. ఇంకేమి కావాలి?

‘సంకేతపదం మరచిపోతే సర్వం పోతుంది గదా’ అన్నది ఇంతకంటె గట్టి ఆక్షేపణ. నిజమే. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుండి, కొత్తగా సిద్ధం చేసిన చాలా కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే తాళం దానంతటదే పడుతున్నది. యజమానికి తాళం పడ్డ సంగతే తెలియదు; ఏదో మరమ్మతు తరువాత 48 అంకెల తాళంచెవి అడిగినప్పుడు తెలుస్తుంది. ఆ అంకెలు ఖాతాలో ఉంటాయి. ఇవాళే చూసి, ఒక కాగితం మీద అచ్చు తీసి, భూమి కాగితాలతో పాటు బీరువాలో పెట్టుకోండి. వెరాక్రిప్ట్ వాడేవారు డిస్కు తలకట్టు నకలును వేరేచోట దాచాలి. కరెంటు పోతే రాత మధ్యలో ఆగిపోయే ఊళ్ళు మనవి గనుక, ముఖ్యమైన వాటికి రెండవ ప్రతి, అదీ తాళంతోనే, తప్పనిసరి. తాళంచెవిని పోగొట్టుకుంటామన్న భయానికి మందు మారు తాళంచెవి; తలుపు పీకడం కాదు.

అలాగని తాళాన్ని సర్వరోగనివారిణిగా చెప్పను. డిస్కు తాళం యంత్రం ఆగి ఉన్నప్పుడు, పోయినప్పుడు, పరుల చేతిలో పడినప్పుడు కాపాడుతుంది. మీరు తెరిచి పనిచేస్తుండగా లోపలికి చొరబడే దొంగను ఆపదు. 2020 అక్టోబరులో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ మీద జరిగింది రాన్సమ్‌వేర్ దాడి. అందులో దొంగ చేసేదీ గుప్తీకరణే. మన ఫైళ్ళకు తన తాళం వేసి డబ్బడగడం. దానికి మందు వేరు.

చివరగా, ఈ నెమ్మది ఎవరి నెత్తిన పడుతున్నదో చూడాలి. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. అక్కడి ప్రయోగశాలల్లోని కొత్త యంత్రాలకు తాళం బరువు తెలియదు. అక్కడినుండి కొద్ది దూరంలోని నెట్ సెంటరులో పాత యంత్రానికి తెలుస్తుంది. అంటే భద్రత డబ్బున్నవాడికి ఉచితంగా, లేనివాడికి ఖరీదుగా దొరుకుతున్నది. దీన్ని మార్చలేమా? మార్చిన దాఖలా ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్ల నియమాల్లో ఒకప్పుడు ఒక మినహాయింపు ఉండేది: సెకనుకు 50 మెగాబైట్ల వేగంతో ఏఈఎస్ నడపలేని ఫోనుకు గుప్తీకరణ తప్పనిసరి కాదు. చదవడానికి దయగా ఉంటుంది. అర్థం మాత్రం చవక ఫోను కొన్నవాడికి తాళం అక్కరలేదని. 2019 ఫిబ్రవరిలో గూగుల్ ఇంజనీర్లు ఆడియాంటమ్ అనే కొత్త పద్ధతిని ప్రకటించారు. ఏఈఎస్ సదుపాయం లేని చిన్న ప్రాసెసరు మీద కూడా చురుకుగా నడిచేది అది. ఆ ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 10తో, కొత్తగా విడుదలయ్యే ఫోన్లన్నిటికీ గుప్తీకరణ తప్పనిసరి అయింది. పేదవాడి ఫోనును తాళం లేకుండా వదిలేయడం సాంకేతిక అవసరం కాదని, ఎవరూ పూనుకోకపోవడమేనని దీనితో తేలలేదూ?

అదే ఆడియాంటమ్ 2019 నుండి లినక్సులోనూ ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను రానివ్వదు. ఆ యంత్రాలను పారేయకుండా లినక్సు వేసుకుంటే, తమకు తగిన తేలికైన తాళం వాటికి సిద్ధంగా ఉన్నది. ఇది చెప్పేవారు, చేసిపెట్టేవారు మన ఊళ్ళలో కావాలి. సలహాలిచ్చే తమ్ముళ్ళు ‘తీసెయ్యండి’ అన్న మాటకు బదులు ‘ఎక్కడ ఆగుతున్నదో చూద్దాం’ అనడం నేర్చుకుంటే ఆ పని మొదలైనట్టే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. డేటా కాపాడే మార్గాల్లో గుప్తీకరణను ఆ నియమాలు పేరుపెట్టి చెబుతున్నాయి. శామీర్‌పేటలోని నల్సార్ తరగతుల్లో ఈ తీర్పును చదువుకునే పిల్లలు తమ సర్టిఫికెట్లు అచ్చు తీయించుకోవడానికి ఏదో ఒక జిరాక్సు దుకాణానికి పోకతప్పదు. తీర్పుకూ ఆ దుకాణానికీ మధ్యనున్న దూరం కిలోమీటర్లలో చాలా తక్కువ. దాన్ని దాటించడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఒక మధ్యాహ్నం తీరిక, ఒక సంకేతపదం, బీరువాలో ఒక కాగితం చాలు.